అవ్వా కావాలి, బువ్వా కావాలి

ఒకే కారు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకి వెళ్ళాలి, శనివారం ఇంట్లో పెద్దవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఆదివారం రేస్ ట్రాక్ మీద పరిగెత్తాలి. ఇంజిన్‌ని అడిగితే ఈ మూడు పనులూ పెద్దగా గొణగకుండా చేసిపెడుతుంది. పేచీ అంతా సస్పెన్షన్ దగ్గరే. మెత్తగా పెడితే మలుపులో కారు ఒక పక్కకి ఒరిగిపోతుంది. గట్టిగా పెడితే గుంతల్లో వెనక సీటు వాళ్ళ నడుములు పోతాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఈ కప్ప, పాము గొడవ మా ఇంట్లో నాలుగు నెలలు నడిచింది. కప్ప ఎవరో పాము ఎవరో మీరే తేల్చుకోండి. ఒక పక్క మా అన్నయ్య. బెంగళూరులో ఉద్యోగం, నాన్న లోన్ కట్టి అప్పజెప్పిన 2018 మోడల్ స్విఫ్ట్, తలనిండా ట్రాక్ పిచ్చి. ఇంకో పక్క మా అవ్వ. 78 ఏళ్ళు, తుంటి ఎముకకి ఆపరేషన్ అయింది, రెండు నెలలకోసారి అనంతపురం నుంచి బెంగళూరుకి చెకప్‌కి వెళ్ళాలి. వెళ్ళేది ఆ కారులోనే, కూర్చునేది వెనక సీట్లోనే.

అన్నయ్య కాయిలోవర్స్ వేయిద్దామనుకున్నాడు. అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి ఒకే సెట్‌గా వచ్చేవి. ఎత్తు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. కొన్నింట్లో బిగువు కూడా మార్చుకోవచ్చు. నాన్న ఒప్పుకోలేదు. అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. "ఏం పాపా, కంప్యూటర్స్ చదువుతుండావు కదా, లెక్క వేసి చెప్పు. నువ్వు చెబితే నాన్న వింటాడు." నాన్న వింటాడో లేదో తెలీదు గానీ, లెక్క వేయమంటే కాదనడం మన బ్రాంచ్ వాళ్ళకి చేతకాదు కదా.

మొదట సస్పెన్షన్ చేసే పనేంటో చూద్దాం. స్ప్రింగ్ బండి బరువుని మోస్తుంది. గుంత వచ్చినప్పుడు నొక్కుకుని, మళ్ళీ సాగుతుంది. ఒక్క స్ప్రింగే ఉంటే కారు ఊయలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని చంపేది షాకబ్జార్బర్, మెకానిక్ భాషలో షాకప్. లోపల నూనె, చిన్న చిన్న రంధ్రాలున్న పిస్టన్, అంతే. పేరులో షాక్ ఉంది గానీ షాక్‌ని మొదట మింగేది స్ప్రింగే. షాకప్ పని తర్వాతి ఊపుని ఆపడం. ఇంటర్ ఫిజిక్స్‌లో 'డ్యాంప్డ్ ఆసిలేషన్స్' అని చదివాను. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్నే 'అవరుద్ధ డోలనాలు' అంటారని నా రూమ్మేట్ చెప్పింది. ఆ మాట వినగానే షాకప్ ఏం చేస్తుందో ఇంకా బాగా అర్థమైంది నాకు. ఊగేదాన్ని అడ్డుకుంటుంది, అంతే.

ఒక కారు మెత్తనా గట్టా అని చెప్పడానికి స్ప్రింగ్ బలం ఒక్కటే చూస్తే చాలదు, అది మోసే బరువు కూడా చూడాలి. రెండూ కలిస్తే వచ్చేది సహజ పౌనఃపున్యం, అంటే కారు తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు పైకీ కిందకీ ఊగుతుందో ఆ సంఖ్య. మామూలు ఫ్యామిలీ కార్లలో ఇది 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 దాకా పోతాయి. ట్రాక్ కోసమే తయారైనవి 2 దాటతాయి. గాలి ఒత్తిడితో నేలకి అతుక్కునే పెద్ద రేస్ కార్లయితే ఇంకా చాలా పైన ఉంటాయి.

స్విఫ్ట్‌కి ముందు ఒక్కో చక్రం మీద సుమారు 250 కిలోల బరువు స్ప్రింగ్ మోస్తుందని అనుకున్నాను. 1.3 హెర్ట్జ్ కావాలంటే స్ప్రింగ్ బలం మిల్లీమీటరుకి దాదాపు 17 న్యూటన్లు ఉండాలి. 1.6 కావాలంటే 25. 2 కావాలంటే 39 దాటాలి. అంటే 1.3 నుంచి 2కి వెళ్ళడం చూడ్డానికి చిన్న మార్పులా ఉంటుంది గానీ, స్ప్రింగ్ రెండు రెట్ల కన్నా గట్టిపడుతుంది. ఈ సంబంధంలో వర్గమూలం ఉంది, అందుకే అలా.

ఇక్కడ షాకప్ సంగతి కూడా తేలింది. కొంతమంది డబ్బులు మిగుల్తాయని షాకప్‌లు పాతవే ఉంచి, గట్టి లోయరింగ్ స్ప్రింగ్స్ మాత్రం వేయిస్తారు. మొదట డ్యాంపింగ్ నిష్పత్తి 0.3 ఉందనుకుంటే, 1.6 హెర్ట్జ్ స్ప్రింగ్ వేశాక అదే షాకప్‌తో అది 0.24కి పడిపోతుంది. 2 హెర్ట్జ్ స్ప్రింగ్‌తో 0.2కి. అంటే గట్టి స్ప్రింగ్ గట్టిగా తన్నుతుంది, పాత షాకప్ ఆ తన్నుని ఆపలేదు, కారు ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. అవ్వకి నొప్పి, అన్నయ్యకి గ్రిప్ లేదు. ఇద్దరికీ నష్టమే. ఈ ఆప్షన్ కొట్టేయడానికి ఇంట్లో ఎవరి ఓటూ అవసరం రాలేదు.

ఇప్పుడు అవ్వ వైపు నుంచి చూద్దాం. నిలువుగా వచ్చే కుదుపుల్లో మనిషి శరీరానికి ఎక్కువ బాధ కలిగించేవి 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. 1 హెర్ట్జ్ దగ్గర ఊగితే ఉయ్యాల్లో ఉన్నట్టుంటుంది. స్ప్రింగ్ గట్టిపడే కొద్దీ రోడ్డు మీది గతుకుల్లో ఈ చెడ్డ భాగం వడపోత లేకుండా పైకి వస్తుంది. ఎలక్ట్రానిక్స్ ఫ్రెండ్‌కి చెబితే "లో పాస్ ఫిల్టర్ కటాఫ్ పెంచేస్తున్నారు మీరు" అంది. కరెక్టే.

పైగా మన రోడ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా గుండ్రంగా ఉండాలి. మన కాలనీల్లో ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న సిమెంటు గట్లకి ఆ పుస్తకం ఉందని కూడా తెలీదు. స్విఫ్ట్‌కి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. అందులో 30 మి.మీ. తగ్గించి, నలుగురు కూర్చుని, డిక్కీలో బియ్యం మూట వేసుకుంటే ఆ గట్టు మీద కారు కడుపు రాసుకోవడం ఖాయం.

ఆ నలుగురు కూర్చోవడమే అసలు విషయం. ట్రాక్ మీద కారులో ఒక్క డ్రైవరే ఉంటాడు. అప్పుడు వెనక ఒక్కో స్ప్రింగ్ మీద 150 కిలోలు ఉంటే, ఇంటిల్లిపాదీ ఎక్కాక 240 అవ్వొచ్చు. చిన్న కారు కాబట్టి తేడా అంత పెద్దది. ఒకే స్ప్రింగు ఈ రెండు బరువులకీ సరిపోవాలి. కంపెనీ ఇంజనీర్లు వెనక స్ప్రింగ్‌ని నిండు కారుని దృష్టిలో పెట్టుకుని గట్టిగా పెట్టడానికి ఇదొక కారణం. ఇంకో కారణం 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ చెప్పింది. గతుకు ముందు చక్రానికి ముందు తగులుతుంది, వెనక చక్రానికి తర్వాత తగులుతుంది. స్విఫ్ట్ వీల్‌బేస్ 2,450 మి.మీ. కాబట్టి గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఆ తేడా 0.15 సెకన్లు. వెనక భాగం కొంచెం త్వరగా ఊగేలా పెడితే, అది ముందు భాగాన్ని అందుకుని రెండూ కలిసి ఊగుతాయి. లేకపోతే కారు ముందుకీ వెనక్కీ తలూపుతూ ఉంటుంది. అందుకే ముందు స్ప్రింగ్స్ మాత్రం గట్టివి వేయిస్తే ఈ లెక్క చెడిపోతుంది.

సరే, అన్నయ్య వైపు. అతను వెళ్ళాలనుకుంటున్నది ఇరుంగాట్టుకోట్టై, బెంగళూరు నుంచి చెన్నై వెళ్ళే దారిలో శ్రీపెరంబుదూరు దగ్గర. 3.7 కిలోమీటర్ల ట్రాక్. అక్కడ అతనికి గట్టి సస్పెన్షన్ ఎందుకు?

"ఒరగకుండా ఉంటే గ్రిప్ ఎక్కువ కదా" అన్నాడు. ఇది సగమే నిజం. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకి ఎంత బరువు మారుతుంది అన్నది కారు బరువు, వేగం, గురుత్వ కేంద్రం ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. స్ప్రింగ్ బలానికి అందులో చోటు దాదాపు లేదు. 950 కిలోల కారు, గురుత్వ కేంద్రం 53 సెంటీమీటర్ల ఎత్తు, చక్రాల మధ్య 1.52 మీటర్లు, 0.9 జి మలుపు అనుకుంటే దాదాపు 300 కిలోలు అటు మారతాయి. 30 మి.మీ. కిందకి దించితే ఇది 280కి వస్తుంది. ఆరు శాతం లోపే. గట్టి స్ప్రింగ్ చేసేది ఏంటంటే, ఆ మార్పు త్వరగా పూర్తయ్యేలా చూస్తుంది, స్టీరింగ్ తిప్పగానే కారు జవాబిస్తుంది, టైరు నేల మీద మరీ వాలిపోకుండా ఉంటుంది. ఇవన్నీ విలువైనవే. కానీ ఇవి నున్నటి ట్రాక్ మీద. గతుకుల రోడ్డు మీద గట్టి స్ప్రింగ్ ఉన్న టైరు ఎగిరి పడుతుంటుంది. నేలని వదిలిన టైరుకి గ్రిప్ ఎక్కడిది? వానపడిన రోడ్డు మీద ఇది అవ్వ నడుము సమస్య కాదు, అందరి ప్రాణాల సమస్య.

ఇంకోటి. స్విఫ్ట్ లాంటి కార్లలో ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉంటుంది. దీన్ని బాగా కిందకి దించితే కింది ఆర్మ్ చివర పైకి లేస్తుంది. దాంతో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గురుత్వ కేంద్రం కన్నా ఎక్కువగా కిందకి జారుతుంది. అంటే ఒరిగించే లివర్ పొడుగవుతుంది. ఒరగకూడదని దించితే ఒరిగే గుణం పెరుగుతుందన్న మాట. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకా గట్టి స్ప్రింగ్ కావాలి. ఇది చెప్పినప్పుడు అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. అతని ఫోన్ వాల్‌పేపర్ మీద ఉన్న కారు నేలకి ఆనుకుని ఉంటుంది మరి.

యాంటీ రోల్ బార్ గురించి కూడా ఆలోచించాం. ఎడమ, కుడి చక్రాలని కలిపే ఇనుప కడ్డీ అది. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే అది ఏమీ చేయదు, కాబట్టి అవ్వకి ఇబ్బంది లేదు. మలుపులో మాత్రం పనిచేస్తుంది. వినడానికి ఇదే జవాబులా ఉంటుంది. కానీ ఒక్క చక్రమే గుంతలో పడితే ఆ దెబ్బ రెండో పక్కకీ పాకుతుంది, తల అటూ ఇటూ విసురుతుంది. మన గుంతలు స్పీడ్ బ్రేకర్లలా రెండు చక్రాల కిందా సమానంగా ఉండవు.

ఈ చిక్కు మాదొక్కరిదే కాదు, ప్రపంచంలో పెద్ద పెద్ద వాళ్ళు కూడా దీనితోనే కుస్తీ పట్టారు. 1981లో లోటస్ అధిపతి కాలిన్ చాప్‌మన్ లోటస్ 88 అనే ఫార్ములా వన్ కారు తయారుచేశాడు. అప్పటి కార్లకి గాలి ఒత్తిడి కోసం రాయిలాంటి స్ప్రింగ్స్ కావాలి, వాటితో డ్రైవర్ల ఒళ్ళు హూనమయ్యేది. ఆయన ఒకే కారులో రెండు చాసీలు పెట్టాడు. పై తొడుగుని మోసేది గట్టి స్ప్రింగ్స్ మీద, డ్రైవర్ కూర్చునేది మెత్తటి స్ప్రింగ్స్ మీద. మిగతా టీములు గొడవ చేస్తే దాన్ని నిషేధించారు, ఒక్క రేసులో కూడా పోటీ చేయలేదు. తర్వాత 1992లో విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ14బి కారు సస్పెన్షన్‌ని కంప్యూటర్ నడిపింది, నైజెల్ మాన్సెల్ ఛాంపియన్ అయ్యాడు. 1994 నుంచి అదీ నిషేధం. రోడ్డు కార్లలో 2002లో క్యాడిలాక్ సెవిల్‌లో అయస్కాంత షాకప్‌లు వచ్చాయి. వాటి నూనెలో ఇనుప రజను ఉంటుంది. కరెంటు పంపితే మిల్లీ సెకన్లలో ఆ నూనె చిక్కబడుతుంది. అంటే అవ్వా బువ్వా రెండూ కావాలంటే దారి ఉంది. కాకపోతే ఆ దారి ఖరీదు మా స్విఫ్ట్‌కి అందదు.

ఇక మా ఫైల్ సంగతి. నేను పైథాన్‌లో ఒక చక్రం మోడల్ రాశాను. స్ప్రింగ్, షాకప్ విలువలు మార్చుకుంటూ, రోడ్డు సుఖానికి ఒక మార్కు, ట్రాక్ పనితనానికి ఒక మార్కు వేసి గ్రాఫ్ గీశాను. క్లాసులో చెప్పే పరేటో ఫ్రంట్ అచ్చంగా వచ్చింది. ఒకటి పెరగాలంటే ఇంకోటి తగ్గాల్సిందే. ఇప్పుడు ఆ గీత మీద ఏ చుక్క ఎంచుకోవాలి? మామూలుగా చేసే పని వెయిట్లు ఇవ్వడం. సుఖానికి 0.7, ట్రాక్‌కి 0.3 అని. అన్నయ్య 0.5, 0.5 ఇవ్వమన్నాడు. నాన్న 1, 0 అన్నాడు.

నాకు ఆ పద్ధతే నచ్చలేదు. వెయిట్ ఇచ్చామంటే, ఎంతో కొంత లాభం వస్తే అవ్వ నొప్పిని ఆ మేరకు అమ్మేయొచ్చు అని అర్థం. ల్యాప్ టైమ్‌లో అర సెకను తగ్గితే తుంటి నొప్పి ఎంత పెరగొచ్చు? ఈ ప్రశ్నకి జవాబు రాసే చోటు ఉండకూడదు. అందుకని అవ్వని వెయిట్ల లిస్టులోంచి తీసేసి కన్‌స్ట్రెయింట్ చేశాను. అంటే ఇప్పటికన్నా వెనక సీటు కుదుపు పెరగకూడదు, ముందు అది ఖాయం చేసుకుని, మిగిలిన చోటులో ట్రాక్‌కి ఏది మంచిదో వెతకాలి.

అలా వెతికితే ఆశ్చర్యంగా చాలానే మిగిలింది. మొదటిది టైర్లు. మాది చిన్న వేరియంట్, 165/80 ఆర్14 టైర్లు. పై వేరియంట్‌కి కంపెనీయే 185/65 ఆర్15 ఇచ్చింది. చక్రం మొత్తం వ్యాసంలో తేడా 2 మి.మీ. మాత్రమే, కాబట్టి స్పీడోమీటర్ తప్పదు. నేల మీద ఆనే వెడల్పు పెరుగుతుంది. రెండోది బ్రేకులు. ట్రాక్ మీద వరసగా బ్రేకులు కొడితే ఫ్లూయిడ్ మరిగి పెడల్ కిందకి పోతుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక 155కే మరిగిపోవచ్చు. అంటే కొత్త ఫ్లూయిడ్ పోయించడమే పెద్ద అప్‌గ్రేడ్. మూడోది, వయసైపోయిన రబ్బరు బుష్‌లు, టాప్ మౌంట్లు మార్చి అలైన్‌మెంట్ చేయించడం. నాలుగోది షాకప్‌లు. స్ప్రింగ్ కంపెనీదే ఉంచి, దానికి సరిపోయే మంచి గ్యాస్ షాకప్‌లు. స్ప్రింగ్ సాగేటప్పుడు కొంచెం బిగువుగా, నొక్కుకునేటప్పుడు మామూలుగా ఉండేవి. దీంతో ఎత్తు తగ్గదు, ఊపు త్వరగా ఆగుతుంది. ఇది అవ్వకీ మంచిదే.

చట్టం కూడా ఇటువైపే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అలాగే మామూలు కారు ఇన్సూరెన్స్ పాలసీ రేసింగ్‌కీ స్పీడ్ టెస్టింగ్‌కీ వర్తించదు. ట్రాక్ మీద ఏదైనా అయితే ఖర్చు మనదే. ఇది మాత్రం నాన్న ముందు చదవొద్దని అన్నయ్య బతిమాలాడు. నేను చదివాను. అందరికీ తెలిసి నిర్ణయం తీసుకోవాలి కదా.

చివరికి ఆ నాలుగు పనులే చేయించారు. తర్వాతి చెకప్‌కి నేనూ వెళ్ళాను. పెనుకొండ దగ్గర అవ్వ నిద్రపోయింది, బాగేపల్లి దాటాక లేచి, "ఏంరా, బండి కొత్తదా?" అంది. అన్నయ్య అద్దంలోంచి నా వైపు చూసి నవ్వాడు. ఆ మరుసటి నెల ఇరుంగాట్టుకోట్టై వెళ్ళొచ్చాడు. కారు కొంచెం ఒరిగిందట, కానీ ఎప్పుడు ఒరుగుతుందో ముందే తెలుస్తోందట, కొత్తగా నేర్చుకునే తనకి అదే మంచిదనిపించిందట. గంటసేపు టైర్ల గురించే మాట్లాడాడు.

ఫోన్ పెట్టేసే ముందు, "కాయిలోవర్స్ తర్వాత వేసుకుందాంలే" అన్నాడు.

"తర్వాత అంటే ఎప్పుడన్నా?" అన్నాను. మామూలుగానే అడిగాను. అటువైపు కాసేపు మాట లేదు. అప్పుడు నాకూ అర్థమైంది. నా ఫైల్లో ఆ కన్‌స్ట్రెయింట్ పేరు 'అవ్వ'. అది తీసేస్తే ఇంకా మంచి చుక్కలు చాలా వస్తాయి. అది ఎప్పుడు తీసేయాల్సి వస్తుందో మేమిద్దరం ఆలోచించాం, ఇద్దరం బయటికి అనలేదు.

"ఈ కారుకి వద్దులే పాపా" అన్నాడు అన్నయ్య కాసేపటికి. "డబ్బులు దాచుకుని ఎప్పుడైనా ఒక పాత కారు కొంటా, ట్రాక్ కోసమే. దానికి వేసుకుంటా."

ఇంజనీరింగ్ పరంగా కూడా అదే సరైన జవాబు. రెండు పనులకీ పూర్తి మార్కులు కావాలంటే రెండు కార్లు కావాలి. ఆ రెండోది ఎప్పటికొస్తుందో తెలీదు గానీ, దానికి స్ప్రింగ్స్ లెక్క మాత్రం 2 హెర్ట్జ్‌తో వేసి పెట్టాను. ఆ ఫైల్లో వెనక సీటు లేదు.